కాటా గదిలో పాత డిస్కు

కాటా గుమాస్తా భార్య పోతే, ఆమెకు తోడబుట్టిన అక్క, అతని వదిన, రాలేదు. రెండేళ్లయినా పలకరించలేదు. ఈ విషయంలో అతనికి సందేహం లేదు. సందేహం లేదు కనుక క్షమించే పనీ లేదు.

ఉదయం నుంచి పదకొండు లారీలు తూచాడు. లారీ కాటా మీదికెక్కితే కిటికీ అద్దాలు గడగడలాడతాయి. అంకె నిలబడ్డాక చీటీ చింపి, డ్రైవర్ ముఖం చూడకుండా అందిస్తాడు. ముప్పయ్యేళ్లుగా అంతే.

పన్నెండో లారీకి ముందు కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. రెండేళ్ల కిందట, భార్య పోయిన కొద్దిరోజులకే, హార్డ్ డిస్క్ పాడై కొత్తది వేసినప్పుడు ఆఫీసు మెయిల్ అడ్రసూ, ఫోన్ నంబరూ మార్చేశారు. పాత మెయిళ్లు, ఖాతాదారుల నంబర్లు అన్నీ పోయాయి. ఇప్పుడవి యజమానికి కావాలట.

"గురువుగారూ, ఈ పాత డిస్కుని తలుపుకి అడ్డం పెట్టారా ఏంటి? ఇంత దుమ్ము!"

"నోటితో అయ్యే పనైతే నేనే చేసుకునేవాణ్ణి."

గంటకల్లా అన్నీ తెరమీదికొచ్చాయి. వాటిలో భార్య మెయిళ్లూ ఉన్నాయి. క్యారేజీ తెచ్చి, కుర్చీ వెనక నిలబడి, అక్కకు ఏం రాయాలో ఆమె చెప్పేది, అతను కొట్టేవాడు. 'అక్కా, మోకాలెలా ఉంది? ఈయన సంగతి నీకు తెలిసిందే, ఉలకరు పలకరు.' అదీ అతను కొట్టిందే.

"ఒకటి మాత్రం వెళ్లకుండా ఆగిపోయింది. అప్పుడు నెట్ లేదేమో," అన్నాడు మెకానిక్.

ఒక్కటే వాక్యం. 'మీ చెల్లెలు ఈ ఉదయం పోయింది.'

ఫోన్ చేస్తే వదిన ఏడుపు వినాల్సొస్తుందని, ఆ రోజు మెయిల్ రాశాడు. బటన్ నొక్కి, తెరవంక మళ్లీ చూడకుండా వెళ్లిపోయాడు.

మెకానిక్‌ని బయటికి పంపి, దొరికిన నంబర్లలో వదినది వెతికి ఫోన్ చేశాడు. ఆమె కొడుకు ఎత్తాడు.

"బాబాయ్! ఎన్నాళ్లకి గుర్తొచ్చాం! మీకు రాసినవన్నీ తిరిగొచ్చేశాయి. ఫోన్ చేస్తే నంబరే లేదంది. అమ్మ పోయి నాలుగు నెలలైంది. చెల్లి అలిగింది, చెల్లి అలిగింది అంటూనే పోయింది. పిన్ని బాగుందా?"

అతను చెప్పాడు. ఎప్పుడు పోయిందో కూడా చెప్పాడు. కబురు ఎందుకు రాలేదో చెప్పలేదు.



"అమ్మ పిన్నికోసం శాలువా అల్లుతూ ఉండేది, బాబాయ్. సగంలో ఉంది. పంపనా?"

"వద్దు. ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."

అన్నట్టే ఎత్తలేదు. సగం శాలువా, సూదులు దానికే ఉండగా, అక్కడే ఉండిపోయింది.