మేకు దిగిన చోటు

ప్రొఫెసరమ్మ ఇరవై ఆరేళ్ళు ఒక్క కొండచరియనే పట్టుకు వేళ్ళాడింది. ఆ సున్నపురాయి పొరల్లో ఒకచోట, ఎప్పుడో అంతరించిన చేపలాంటి జీవి తాలూకు పన్ను మొట్టమొదట కనిపిస్తుంది. ఆవగింజలో సగం కూడా ఉండదు. భూమి చరిత్రలో ఒక యుగం ముగిసి ఇంకొకటి మొదలయ్యేది సరిగ్గా అక్కడేనని భూగర్భ శాస్త్రవేత్తల కమిటీ ఒప్పుకుంటే, ఆ పొరలో ఇత్తడి మేకు దిగుతుంది, కొత్త యుగానికి ఆ కొండ పేరే పడుతుంది. ఆవిడకు కావలసింది అంతే. తాను రెండో మొగుణ్ణని, మొదటివాడు ఆ కొండేనని ఇంటాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

పోటీకి ఇంకొక చరియ ఉంది. అది టోపీ ప్రొఫెసర్‌ది. గదిలో కూర్చున్నా టోపీ తియ్యడు గనుక ఆయనకా పేరు. కమిటీలో ఇరవైమంది, వీళ్ళిద్దరితో కలిపి. పన్నెండు ఓట్లు పడితే ఖాయం.

ఓటింగు ఇంకా నెల ఉందనగా ఆవిడ ఊరుకోలేక మళ్ళీ కొండెక్కింది. యుగాల హద్దుగా తాను గీత గీసిన పొరకు మూరెడు కింద రాళ్ళు కొట్టుకొచ్చి, రాయి కరిగిపోయేలా యాసిడ్‌లో నానబెట్టింది. నాలుగో రోజు జల్లెడలో అదే పన్ను మిగిలింది. అంటే మొదలు ఇంకా కిందెక్కడో ఉంది. ఆ కింద పొరలన్నీ విరిగి కలగాపులగమై ఉన్నాయి. అది ఎక్కడో ఇక ఎవరూ చెప్పలేరు.

"చూసింది నువ్వొక్కదానివే. కడిగేసెయ్," అన్నాడు ఇంటాయన.

రెండు రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. మూడో రోజు ఉన్నదున్నట్టు రాసి కమిటీకి పంపింది. అంతటితో ఆగిందా? తన చరియలో కింది పొరల్లో పన్ను లేనేలేదని టోపీ ప్రొఫెసర్ ఇచ్చిన నివేదిక చదివి, న్యాయం న్యాయమేనని తన ఓటు కూడా ఆయనకే వేసింది. ఆయనకు సరిగ్గా పన్నెండు పడ్డాయి.

టోపీ ప్రొఫెసర్ చరియలో మేకు దించే రోజు వచ్చింది. ఓడినవాళ్ళు మేకు పట్టుకోవడం, గెలిచినవాళ్ళు కొట్టడం ఆ కమిటీలో మర్యాద. ఆవిడ రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గీత కింద ఎంత లోతు దాకా వెతికారని, తోటి పనివాణ్ణి అడిగినట్టే అడిగింది.

ఆయన ఆవిడకు మాత్రమే వినబడేలా నవ్వాడు. "ఒక్క రాయీ కొట్టలేదమ్మా. పన్ను దొరికిన పొర దగ్గరే ఆగిపోయాను. ఇంకా కెలికితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కన్నా తన మీదే ఎక్కువ. ఒకసారి ఓటుతో ఖాయమైన గీతను పదేళ్ళదాకా కదపకూడదని నియమం. అప్పటికి తనకు డెబ్బై మూడు. చుట్టూ జనం కెమెరాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"వంకర పోకుండా గట్టిగా పట్టుకోండి," అన్నాడాయన సుత్తి ఎత్తుతూ.

ఆవిడ గట్టిగా పట్టుకుంది.