మూడు ప్లేట్లు

రామదాసు తువాస్ రేవులో ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన ఒక్క కేక వేస్తే ఓడ అడుగు నుంచి కూడా మనుషులు పరుగెత్తుకొచ్చేవారట. ఆ మాట ఆయనే చెప్పుకునేవాడు. రిటైరయ్యాక, బెడోక్‌లోని ఫ్లాట్‌లో, ఆయన కేకకు పలికే మనిషి ఒక్కతే మిగిలింది. ఆయన భార్య వీరమ్మ. మొదట్లో దేనిమీద కేకలెయ్యాలో తెలియక టీవీ మీదా, లిఫ్టు మీదా, కింద సైకిళ్లు తొక్కే పిల్లల మీదా వేశాడు. అంతలో వీరమ్మకు షుగరు వచ్చింది.

పాలీక్లినిక్‌లో తిండి సంగతులు చెప్పే చైనీస్ అమ్మాయి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. బల్లమీద ప్లాస్టిక్ ఇడ్లీలు, ప్లాస్టిక్ గుడ్లు, ప్లాస్టిక్ అన్నం పెట్టి ఓపిగ్గా చెప్పింది. నూనెలో కాల్చిన ప్రాటా, కొబ్బరిపాలతో వండిన నాసి లెమక్ అన్నం, డబ్బాపాలు పోసిన టీ ఎప్పుడో ఒకసారి తప్ప ముట్టుకోవద్దంది. రెండు దోసెలు సాంబారుతో తినొచ్చు, గుడ్డు తినొచ్చు, ముడిగోధుమ రొట్టె తినొచ్చు, పప్పుతో చేసినవి ఇంకా మంచివి అంది. చివర్లో గొంతు పెంచి మరీ చెప్పింది: "ఆంటీ, ఈ మాత్ర వేసుకుంటే టిఫిన్ మానకూడదు. ఆలస్యం కూడా చెయ్యకూడదు. షుగరు ఒక్కసారిగా పడిపోతుంది."

రామదాసు తల ఊపాడు. ఇంటికొచ్చేసరికి ఆయనకు వద్దన్నవన్నీ గుర్తున్నాయి.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆమెను తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ ఆయన పాత స్నేహితులు ముగ్గురు నలుగురు ఒక బల్ల దగ్గర చేరేవారు. వాళ్లలో హరికృష్ణ యార్డులో ఆయన చేతికింద పనిచేసినవాడు, ఇప్పటికీ "బాస్" అనే పిలుస్తాడు. రామదాసు మూడు ప్లేట్లు కొనుక్కొచ్చి భార్య ముందు వరసగా పెట్టేవాడు. ఒకదాంట్లో ప్రాటా, ఒకదాంట్లో నాసి లెమక్, ఇంకోదాంట్లో దోసెలో గుడ్లో.

"ఊఁ, తీసుకో చూద్దాం. ఏది తినాలో బుర్రకెక్కిందో లేదో తెలుస్తుంది."

తప్పుదాని మీద చెయ్యి వేస్తే ఆ పూట చక్కెర లేని నల్లకాఫీ ఒక్కటే. సరైనది తీసుకుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చంటిపిల్లకు కొట్టినట్టు చప్పట్లు కొట్టేవారు. మొదట్లో వీరమ్మ కూడా నవ్వేసింది. తన ఆరోగ్యం మీద ఆయనకు ఇంత శ్రద్ధ ఉందని పక్క ఫ్లాట్ నూకాలమ్మతో గొప్పగా చెప్పుకుంది కూడా.

కానీ సరైనది ఏదన్నది రోజుకో రకంగా మారేది. సోమవారం గుడ్లు తీసుకుంటే భేష్ అన్నాడు. మంగళవారం అవే గుడ్లు తీసుకుంటే, "నిన్న తిన్నావుగా, కొలెస్ట్రాల్ సంగతి ఎవడు చూస్తాడు?" అని లాగేసుకున్నాడు. దోసె తీసుకుంటే కొబ్బరిచట్నీ తప్పన్నాడు. చట్నీ పక్కకు నెట్టి తింటే తిండి పారేస్తున్నావన్నాడు. ఒకరోజు ఆయన ప్లేటు లాగేసుకుంటున్నప్పుడు వీరమ్మ తలెత్తి ఆయన మొహం చూసింది. ఆ మొహం వెలిగిపోతోంది. కూతురు పుట్టిననాడు కూడా ఆమె ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు. ఆ తర్వాత నూకాలమ్మ దగ్గర ఆ మాట ఎత్తలేదు.

ఒక వానరోజు, మాత్ర ఇంట్లోనే వేసుకుని బయల్దేరారు. వాన పెద్దదై బస్‌స్టాప్‌లోనే చాలాసేపు నిలబడిపోయారు. హాకర్ సెంటర్ చేరేసరికే వీరమ్మకు కాళ్లు తేలిపోతున్నాయి. ఆయన తీరిగ్గా మూడు ప్లేట్లు తెచ్చి పెట్టాడు. ఆమె దోసెల ప్లేటు మీద చెయ్యి వేసింది.

"ఆగు," అన్నాడు రామదాసు. దోసెల మీద తన అరచెయ్యి బోర్లించి, హరికృష్ణ వైపు తిరిగి, యార్డులో ఒకసారి క్రేను తాడు తెగిన కథ మొదలుపెట్టాడు. ఆ కథ వాళ్లందరికీ తెలిసిందే. అయినా వింటున్నారు. ఆయన చెయ్యి దోసెల మీద మూతలా అలాగే ఉంది.

వీరమ్మకు చెమటలు పట్టాయి. వేళ్లు వణుకుతున్నాయి. ఎదురుగా ఉన్న మనుషులు ఒక్కొక్కరు ఇద్దరుగా కనిపిస్తున్నారు.

"ఏవండీ, నాకేదో అయిపోతోంది. ఒక్క ముక్క తిననివ్వండి."

"చూశారా? కథ వినడానికి కూడా ఓపిక లేదు. తిండి, తిండి!"

"నిజంగానండీ. కళ్లు తిరుగుతున్నాయి."

"అదుగో, మొదలైంది డ్రామా."

ఎవరో నవ్వారు. ఆమె ఇక ఆగలేక ఆయన ముందున్న టీ కప్పు వైపు చెయ్యి చాచింది. డబ్బాపాలు పోసిన తియ్యటి టీ. ఆయన కప్పు ఎత్తి హరికృష్ణ చేతికిచ్చాడు. "పట్టుకోరా. ఇది దొంగ." హరికృష్ణ పట్టుకున్నాడు. ఆమె లేచి, అతని వైపు వంగి, "ఇయ్యి, తమ్ముడూ," అంది. అతను బాస్ మొహం చూసి కప్పు వెనక్కి జరిపాడు.

వీరమ్మ బల్ల అంచు మీద పడి, అక్కణ్నుంచి కిందికి జారింది. ముందుపళ్లు రెండు విరిగాయి. టీ కొట్టు నడిపే మలయ్ మనిషి రొహానా తియ్యటి ఎర్ర సిరప్ సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, నెత్తురు కారే పెదాల సందులోంచి కొద్దికొద్దిగా పోసింది.

ఆసుపత్రిలో డాక్టరు, టిఫిన్ తినకుండా మాత్ర ఎందుకు వేసుకుందని అడిగాడు. వీరమ్మ వాచిన నోరు తెరిచేలోపు రామదాసు అందుకున్నాడు.

"రోజూ మూడు ప్లేట్లు కొంటాను డాక్టర్. ఏది కావాలంటే అది తినమంటాను. చూస్తూ కూర్చుంటుంది. కావాలంటే మా ఫ్రెండ్స్‌ని అడగండి."

డాక్టరు వీరమ్మను మందలించాడు. ఈ వయసులో మొండితనం పనికిరాదన్నాడు.

పాయా లేబర్‌లోని ఆఫీసు నుంచి కూతురు శాలిని హడావిడిగా వచ్చింది. "అమ్మా, వై లైక్ దట్? నాన్న ఎవ్రీడే తీసుకెళ్తున్నాడు కదా. జస్ట్ ఈట్ లా!"

"ఆయనే తిననివ్వడమ్మా," అంది వీరమ్మ.

శాలిని తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "షుగరు పడిపోతే ఏం మాట్లాడుతున్నదీ తెలియదటమ్మా. పోనీలే, ఏమీ అనకు."

"హీ ఈజ్ ట్రైయింగ్ సో హార్డ్, అమ్మా," అంది శాలిని. తల్లి కంటే తండ్రి మీదే జాలిపడి, క్యాంటీన్‌కు తీసుకెళ్లి అన్నం పెట్టించింది. తలుపు దగ్గర హరికృష్ణ నిలబడి ఉన్నాడు. వాళ్లు వెళ్లాక మెల్లగా మంచం దగ్గరకొచ్చి, "వదినా, ఆ కప్పు..." అన్నాడు.

"నీదేముంది నాయనా. పట్టుకోమన్నారు, పట్టుకున్నావు," అంది వీరమ్మ. అతను ఆ తర్వాత ఆమె ఎదుటపడలేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం వీరమ్మ పెసలు నానబోసింది. తెల్లారకముందే లేచి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, పెసరట్లు పోసుకుంది. మాత్ర వేసుకుని, వంటింట్లో నిలబడే, విరిగిన పళ్ల పక్కనుంచి నెమ్మదిగా నమిలి తినేసింది. పెనం కడిగి బోర్లించింది. రామదాసు లేచి, "పద," అంటే చెప్పులేసుకుని బయల్దేరింది.

మూడు ప్లేట్లు వచ్చాయి.

"తీసుకో చూద్దాం."

"నాకేం వద్దండీ."

"ఏదీ వద్దా?"

"వద్దు. మీరు కానివ్వండి."

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన ఎదురుచూశాడు. ప్రాటా చల్లారి అట్టముక్కయింది. బల్ల దగ్గరవాళ్లు వాచీలు చూసుకున్నారు. తిండి వదిలేస్తే ఆయనకు పడదు. యార్డులో అన్నం పారేశాడని ఒక మనిషిని ఎండలో నిలబెట్టినవాడు. చివరికి కసిగా మూడు ప్లేట్లూ ఆయనే లాగించాడు. మర్నాడు మళ్లీ మూడు కొన్నాడు. ఎన్నాళ్లు బిగదీస్తుందో చూద్దామనుకున్నాడు. ఆమె బిగదియ్యలేదు, ఆమె కడుపు నిండే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆకలి లేని మనిషితో ఆ ఆట సాగదు. స్నేహితులు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆయన మాత్రం మానలేదు. రోజూ మూడు ప్లేట్లు, రోజూ ఆమె ఎదుటే, ఆయనే.

వానలు పోయి, మళ్లీ వానలొచ్చాయి. రామదాసుకు దాహం ఎక్కువైంది. మంచం పక్కన పెద్ద సీసాడు నీళ్లు పెట్టుకున్నా తెల్లారేసరికి ఖాళీ. రాత్రిళ్లు పదేపదే లేస్తున్నాడు. ప్యాంట్లు వదులయ్యాయి. పేపరు చదవబోతే అక్షరాలు అలుక్కుపోతున్నాయంటున్నాడు. వీరమ్మకు ఇవన్నీ తెలుసు. తన ఒంట్లో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో ఆమె మరిచిపోలేదు.

"ఏమిటే ఈ దాహం?" అని ఆయన ఒకసారి అడిగాడు.

ఆమె నోటిదాకా వచ్చింది చెబుదామని. నాలుక విరిగిన పళ్ల సందులో తగిలింది.

"ఉక్క కదండీ," అంది.

తర్వాత అరికాళ్లు మండుతున్నాయన్నాడు. వయసంది. కొన్నాళ్లకు మంట పోయిందని, బాగైపోయానని సంతోషపడ్డాడు. శాలిని తండ్రి పుట్టినరోజుకు కొత్త బూట్లు కొనిపెట్టింది. కాస్త బిగుతు. బొటనవేలి దగ్గర ఒరుసుకుపోయినా మొద్దుబారిన పాదానికి తెలియలేదు. ఒకరోజు బట్టలు నానబెడుతుంటే మేజోడు కొసన నెత్తురు మరక కనిపించింది. వీరమ్మ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసింది. తర్వాత సబ్బు పెట్టి, మరక పోయేదాకా రుద్ది, కిటికీ బయట వెదురుకర్రకు ఆరేసింది. ఆ తర్వాతి మేజోళ్లూ అలాగే.

వాసన వచ్చాకే శాలినికి తెలిసింది. అప్పటికి వేలు నల్లబడింది, నలుపు పాదం మీదికి పాకింది. మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. తీసేశారు.

"అమ్మా, ఇంట్లోనే ఉన్నావు కదా. యూ డిడ్ నాట్ సీ?" అని శాలిని ఆసుపత్రి మంచం పక్కన ఏడుస్తూ అడిగింది.

"చూశాను," అంది వీరమ్మ.

శాలిని ఏడుపు ఆగిపోయింది. తల్లి ఇంకేమైనా చెబుతుందేమోనని చూసింది. మంచం మీద రామదాసు కళ్లు తెరిచే ఉన్నాడు. విన్నాడు. ఆయన నోరు కదిలింది కానీ కేక రాలేదు. కాసేపు ఆమెనే చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. శాలిని సంచి తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది. వీరమ్మ పిలవలేదు.

కాసేపటికి నర్సు వచ్చింది. రేపటి టిఫిన్‌కు ఏమేం ఉన్నాయో చదివి, "అంకుల్, మీకేది కావాలి?" అని అడిగింది. దోసె ఉంది, గుడ్డుతో రొట్టె ఉంది, ఓట్స్ జావ ఉంది. అన్నీ షుగరు వాళ్లకు సరిపడేవే.

రామదాసు ఇటు తిరిగాడు. "దో..." అన్నాడు, ఎండిపోయిన గొంతుతో.

"ఓట్స్ జావ," అంది వీరమ్మ. "ఉప్పు వద్దు. పాలు వద్దు. రోజూ అదే ఇవ్వండి, సిస్టర్. ఆయనకు ఏది తినాలో తెలియదు."

నర్సు రాసుకుని వెళ్లిపోయింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. వీరమ్మ చూస్తూ కూర్చుంది. ఆమెకు సంతోషం కలగలేదు, జాలీ కలగలేదు. మాత్ర వేసుకునే వేళయిందని మాత్రం గుర్తొచ్చింది. సంచి భుజానికి తగిలించుకుని, కింద ఏమైనా తినడానికి దొరుకుతుందేమో చూద్దామని లేచింది.