శుక్రవారం లెక్క

నిల్వల బాబాయి కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, నిన్నటి అంకె కింద స్కేలు పెట్టి గీత గీశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ బ్యాంకులో ఆయన పని ఇదే. జనం దాచుకున్న డబ్బులో కొంత భాగం దేశపు పెద్ద బ్యాంకులో కదలకుండా ఉండాలి. దాన్ని అప్పివ్వకూడదు, దానిమీద పైసా వడ్డీ రాదు. ఒకరోజు కాస్త తగ్గినా పద్నాలుగు రోజుల సగటు సరిపోతే చాలు. "తినదు, తిననివ్వదు. అలాంటి డబ్బుకి కాపలా నేను" అని భార్యతో నవ్వేవాడు.

ఈ పూట నవ్వు రాలేదు. సగటు తగ్గింది, జరిమానా కట్టమని పెద్ద బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఒక శుక్రవారం నిల్వ తక్కువ పడింది. ఆ శని, ఆదివారాలు సెలవు కాబట్టి ఆ తక్కువే మూడు రోజులకూ లెక్క. ఆయన ఒక్కరోజుకే వేశాడు. నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా చెయ్యని తప్పు!

మేనేజరు ఆయన్నీ, ఆయన లెక్కలు సరిచూసే పక్క కుర్చీ ఆవిడనీ పిలిచాడు.

"చూసి సంతకం పెట్టిందెవరు?"

"నేనే సార్."

"మరి కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

ఆవిడ ఒక్కసారి బాబాయి వైపు చూసింది. తప్పు నాదేనన్న మాట ఆయన గొంతుదాకా వచ్చింది. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలే ఉంది, ఇప్పుడు మచ్చ పడితే పింఛను ఏమవుతుందో! తల కొట్టేసినట్టయింది. బూట్ల లేసులు చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నానికల్లా ఆవిడకి బదిలీ కాగితం అందింది. వంద మైళ్ల అవతలి శాఖ. ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు.

"నీదాకా రాలేదుగా బాబాయ్, బతికిపోయావ్!" అని క్యాషియరు వీపు తట్టాడు.

అన్నం సగంలోనే వదిలేశాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుని, చెయ్యి కడుక్కుని, మళ్లీ లెక్కల ముందు కూర్చున్నాడు.

సాయంత్రం ఆవిడ సంచీ సర్దుకుంది.

"వెళ్లొస్తా అన్నయ్యా. బీపీ మందు మర్చిపోకండి."

"అమ్మా... నేను..."

"బస్సు వెళ్లిపోతుంది అన్నయ్యా" అంటూ మెట్లు దిగిపోయింది.

ఆవిడ సొరుగు సగం తెరిచే ఉంది. మూసేద్దామని వెళ్లాడు. లోపల ఒక్క కాగితమే మిగిలింది, ఆ శుక్రవారం లెక్క. మేనేజరుకి చూపించి ఉంటే ఆవిడ నిమిషంలో బయటపడేది. అంచున ఆవిడ పెన్సిలు రాత: 'మూడు రోజులకు వెయ్యాలేమో అన్నయ్యా?' దానిమీద అడ్డంగా, ఆయన చేతి ఎర్రసిరా గీత.