తీసెయ్యమన్న ప్రశ్న

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె రెండోసారి నడుపుతుంటే బాత్‌రూమ్‌లోంచి ఆయన కేకేశాడు.

"ఆ మాత్రల ప్రశ్న తీసేశావా, లేదా?"

"తీసేశానండీ."

బడిపిల్లల తాగుడు, సిగరెట్లు, మత్తుమందుల మీద వేర్వేరు బృందాలు చేసిన ఏడు సర్వేలను ఒక్కటిగా కలిపే ప్రాజెక్టుకి ఆయన పెద్ద. ఇంట్లో భార్యా, ఆఫీసులో సహాయకురాలూ ఆమే. ఒక సర్వే "ఎప్పుడైనా తాగావా?" అని అడిగితే, ఇంకొకటి "పోయిన నెలలో తాగావా?" అని అడిగింది. ఒకదాంట్లో బీరు మద్యం, ఇంకోదాంట్లో కాదు. అన్నిటినీ ఒక్క కొలతకి తెచ్చేసరికి ఆమె కళ్ళ కింద నల్లచారలు పడ్డాయి. "అతుకులేయడమేగా, దానికింత నీలుగుడెందుకు?" అన్నాడాయన. "వాడి బుర్రకి నీ చేతులు తోడయ్యాయి, అదృష్టవంతురాలివి," అంది అత్తగారు. ఆ బృందాలను బతిమాలుకోవడం, డేటా ఒప్పందాల మీద సంతకాలు పెట్టడం చిల్లర పని కాబట్టి ఆయన వాటి జోలికే పోలేదు. "అవన్నీ నీ పేరు మీదే కానియ్, నన్ను విసిగించకు."

అన్నీ కలిపాక ఒక సంగతి బయటపడింది. అమ్మ నిద్రమాత్రలు, నాన్న నొప్పిబిళ్ళలు దొంగచాటుగా మింగేవాళ్ళని కూడా లెక్కలోకి తీసుకుంటే, మత్తులో ఆడపిల్లలు మగపిల్లలకి ఏమాత్రం తీసిపోలేదు. ఇది మగపిల్లల సమస్యేనని పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న మనిషికి అది గొంతులో పచ్చి వెలక్కాయ.

"నిద్రపట్టక మాత్ర మింగితే అదీ వ్యసనమేనా? నువ్వూ మింగుతావుగా, నీకేమైంది? తీసెయ్," అన్నాడాయన.

తనకేమైందో ఆయన ఒక్కసారైనా అడగలేదని ఆమెకి అప్పుడే తట్టింది. తలూపింది. మర్నాడు ఏడు బృందాలకీ ఫోన్లు చేసింది.

ఆ పొద్దున ఇస్త్రీ అయ్యాక, ఫలితాలు ప్రకటించే సభలో ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టి, టీలు సరిగ్గా అందుతున్నాయో లేదో చూడమని ఆయన వేదికెక్కాడు. తెర మీద "నా విశ్లేషణ" అని మెరిసింది. ముందు వరసలోంచి ఓ పెద్ద డాక్టరమ్మ చెయ్యెత్తింది. ఏడింటిలోకి పాత సర్వే ఆవిడదే.

"ఆడపిల్లల మాత్రల లెక్క ఏదండీ?"

"అది ముఖ్యం కాదని తీసేశాం."

"తీసేయడానికి మీరెవరు? మేం డేటా ఇచ్చింది మీ ఆవిడకి. ఆవిడ ఒప్పుకోకుండా మీరు ఒక్క అంకె కూడా అచ్చు వేసుకోలేరు."

మిగతా ఆరు బృందాల పెద్దలూ తలలూపారు. ఆయన వెనక వరస వైపు చూసి, "చెప్పవేం?" అన్నాడు.

ఆమె తొందరపడలేదు. కుర్చీల మధ్య నుంచి నింపాదిగా నడుస్తూ, పొద్దున తను ఇస్త్రీ చేసిన చొక్కా ఆయన చెమటకి వీపుకి అంటుకుపోవడం కళ్ళారా చూసింది. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగి కూడా చూసింది. కలగలేదు. కడుపు నిండినట్టుంది.

మైకు అందుకుంటుంటే ఆయన పళ్ళ మధ్య నుంచి గొణిగాడు. "ఇంటికి రా, నీ సంగతి చెప్తాను."

ఆమె మైకు నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"నేను ఆ ఇంటికి రావట్లేదండీ. మీరు దిగితే ఆడపిల్లల లెక్క మొదలుపెడతాను."