పేరు కొట్టించిన బంపరు

కొత్త గిన్నె ఇంట్లోకి వస్తే, దాని మీద పేరు కొట్టించకుండా పొయ్యి ఎక్కించడం హేమ్లి ఎరగదు. పెళ్ళికి వచ్చిన బిందె కానీ, చంటిదానికి వచ్చిన గ్లాసు కానీ, ఆఖరికి ఎవరో పెట్టిన స్టీలు టిఫిన్ డబ్బా కానీ, ముందు ములకలపల్లి సంతకు వెళ్ళాల్సిందే. అక్కడ చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని గోనె పట్టా మీద కూర్చునే ముసలయ్య చుక్క చుక్కగా పేరు కొట్టాకే అది ఇంటి సామాను అయ్యేది. తండాలో పెళ్ళి అంటే ఇరవై ఇళ్ళ గిన్నెలు ఒకచోట చేరతాయి. పేరు లేని గిన్నె తిరిగి ఇల్లు చేరదు. రెండు రాగి చెంబులు పోయాక ఆమె నేర్చుకున్న చదువు అది. మిగతా చదువు ఆమెకు అబ్బలేదు.

అందుకే పద్దెనిమిది వేలు పోసి మెరుగు పెట్టించిన కారు బంపరు ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఆమెకు తోచింది ఒకటే. ముప్పై రూపాయల గ్లాసుకు పేరు కొట్టిస్తాం, దీనికి కొట్టించమా?

ఆ కారు సంగతి కూడా చెప్పుకోవాలి. అరవయ్యో సంవత్సరం నాటి అంబాసిడర్. హేమ్లి పెనిమిటి లాలు, వయసులో ఉన్నప్పుడు కొత్తగూడెంలో ఒక కలప కంట్రాక్టరు దగ్గర డ్రైవరు. ఆయన వ్యాపారం మూసి సామానంతా అమ్మేస్తుంటే, లాలు ఎడ్ల జత అమ్మి ఈ కారు కొన్నాడు. అప్పటి నుంచి అడవి బాటలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవర్ని పాము ముట్టినా, దవాఖానాకు పోయింది అందులోనే. తండాలోని సోమ్లికి రెండో కాన్పు అయితే దవాఖానా గేటు దాకా ఆగలేదు, వెనక సీట్లోనే అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు ఉద్యోగం చేస్తోంది. లాలు కిరాయిలు మానేసి పదేళ్ళు దాటినా కారును మాత్రం మానలేదు. పెళ్ళాం నడుము నొప్పి అంటే ఆ చెవికి వినబడదు కానీ, ఇంజన్లో ఏ మూల టిక్కుమన్నా వినబడుతుంది.

మెరుగు పెట్టించాలన్న ఆలోచన కొడుకు కోటేష్‌ది. ఖమ్మంలో గుమాస్తా ఉద్యోగం. అక్టోబరులో అక్కడ పాత కార్ల ఊరేగింపు ఉందని తెలుసుకుని వచ్చాడు. "బాపూ, మన కారు గూడ పెడదాం. కానీ బంపరు, బంపరు కొమ్ములు, ముందలి జాలి అన్నీ మసకబారినయ్. పాత పూత గీకి కొత్త క్రోమ్ ఎక్కియ్యాలె. నాకు తెలిసిన షాపుంది. పదేండ్ల గ్యారంటీ" అన్నాడు. అరవై ఏళ్ళ పూతను గీకించడానికి లాలుకు మనసు ఒప్పలేదు. పదేళ్ళ గ్యారంటీ అన్న మాట మీద ఒప్పుకున్నాడు.

తిరిగి వచ్చిన బంపరులో మొహం చూసుకుని మీసం కత్తిరించుకోవచ్చు. అంత మెరుపు. ఆ బుధవారం సంతకు కారులోనే వెళ్ళారు. లాలు చాయ్ తాగడానికి వెళ్ళిన సందు చూసి, హేమ్లి ముసలయ్యను కారు ముందు కూర్చోబెట్టి, బంపరు ఎడమ చివర జానెడు మేర "లాలు హేమ్లి" అని కొట్టించింది. లాలు వచ్చి చూశాడు. "అడగకుండ కొట్టిస్తివా" అన్నాడు కానీ మీసం కింద నవ్వు దాగలేదు.

ఆ తర్వాత మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజుకు ప్రతి చుక్క నుంచీ ఎర్రని చార కిందికి దిగింది. వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల మెరుగు ఉల్లిపొరలా లేచింది. కోటేష్ షాపుకు ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి తల్లి వైపు తిరిగాడు.

"యాడీ, ఎవరన్న బంపరు మీద ఉలితోని కొట్టిస్తరా? అది గిన్నెనా, గరిటెనా? కొట్టిన బంపరుకు గ్యారంటీ లేదంటుండు షాపాయన. నువ్వు చేసిన పనే ఇది."

హేమ్లి లాలు మొహంలోకి చూసింది. ఆయన లేచి బయటికి వెళ్ళాడు. కారు మీద టార్పాలిన్ కప్పాడు. ఊరేగింపు రోజు వచ్చింది, పోయింది. టార్పాలిన్ తియ్యలేదు. హేమ్లితో మాట్లాడనూ లేదు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. అరిచినా బాగుండేది. తండాలో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర "హేమ్లవ్వ కారుకు సున్నబ్బొట్లు పెట్టిందంట" అని నవ్వుకుంటుంటే, ఎన్నడూ ఒకరి మాట పడని మనిషి తల వంచుకుని బిందె ఎత్తుకుంది. తన చేత్తోనే పాడు చేశానని ఆమె కూడా నమ్మింది.

మూడో వారం సంతకు ఒక్కతే ఆటోలో వెళ్ళి ముసలయ్య ముందు నిలబడింది.

"ఏంది ముసలయ్యా, నీ ఉలి నా ఇంట్ల చిచ్చు పెట్టింది. నీ చుక్కలకే తుప్పు పట్టిందంట."

ముసలయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "అక్కా, ఆ రోజే చెప్దామనుకున్న. కొత్త సామాను మీద చెడు మాట ఎందుకని ఊకున్న."

"ఏం మాట?"

"నలభై ఏండ్ల సంది కొడుతున్న. పూత ఉన్న సామాను మీద ఉలి దిగుతుంటే పొరలు తెలుస్తయ్. పైన అద్దం తీరు, దాని కింద కొంచెం పసుపు కొట్టే తెలుపు, అది నికెల్. దాని కింద రాగి, ఎర్రగ. గవన్నీ దాటినంక ఇనుము. నీ బంపరు మీద మొదటి దెబ్బకే ఇనుము తగిలింది. నూనె డబ్బా మీద కొట్టినట్టే ఉండె. పైన పటారం, లోన లొటారం."

"మరి గప్పుడే నోరెందుకు తెరవలే?"

"నువ్వు నవ్వుకుంట కూసున్నవ్ గదక్కా."

హేమ్లి అతని ఉలిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "రేపు నీ ఉలీ సుత్తీ సంచిల పెట్టుకో. ఖమ్మం పోతున్నం. బస్సు కిరాయి నాది" అంది.

మర్నాడు ఆమె సంచిలో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి, బంపరుకు బిగించే రెండు కొమ్ముల్లో ఒకటి. అదీ ఆ షాపులో మెరుగు పెట్టిందే, కానీ దాని మీద పేరు లేదు. రెండోది వెనక చక్రం మూత. అది కారు పుట్టినప్పటి పూతతోనే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

షాపులో ఆమ్లం వాసనకు కళ్ళు మండాయి. వరసగా తొట్లు, గోడ పక్కన గిర్రున తిరిగే మెరుగు చక్రం. యజమాని గణేష్ చొక్కా నిండా ఆమ్లం తిన్న చిల్లులు. బుల్లెట్ బండి సైలెన్సరు ఒళ్ళో పెట్టుకుని శ్రీను అనే కుర్రవాడు తన వంతు కోసం కూర్చున్నాడు. తాను కోటేష్ తల్లినని హేమ్లి చెప్పగానే గణేష్ పక్కకు వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు.

"బంపరు సంగతి మీ కొడుకుతోని మాట్లాడిన పెద్దమ్మా" అన్నాడు గణేష్.

"నా చేతి సంగతి మాట్లాడుకున్నరు మీరిద్దరు. నాతోని మాట్లాడలే. ఇప్పుడు మాట్లాడు." ఆమె కొమ్ము తీసి బల్ల మీద పెట్టింది. "దీని మీద పేరుందా?"

"లేదు."

"ఉలి దెబ్బ ఉందా?"

"లేదు పెద్దమ్మా."

"మరి గిదేంది?" ఆమె కొమ్మును బోర్లించింది. లోపలి వంపులో కారం పొడి చల్లినట్టు తుప్పు.

"వానల పెడితే..."

"కారును వానల పెట్టక కుండల పెడతరా నాయనా? పుట్టినకాడి నుంచి వానలనే తిరిగింది."

ముసలయ్య కింద కూర్చున్నాడు. పాత చక్రం మూత లోపలి అంచు మీద ఉలి ఆనించి వరసగా మూడు దెబ్బలు వేశాడు. మసక తెలుపు చీలి, దాని కింద వెంట్రుకంత ఎర్రని గీత తేలింది. రాగి. తర్వాత కొమ్ము మీద ఒక్క దెబ్బ వేశాడు. చిన్న పొర ఎగిరిపడింది. కింద నల్లటి ఇనుము.

శ్రీను లేచి వచ్చి రెండూ చూశాడు. తన సైలెన్సరు ముందుకు చాపాడు. "తాతా, పోయినేడు ఈడనే పెట్టించిన. దీని మీద గూడ ఒక్క చుక్క కొట్టి చూడరాదు."

"నువ్వు కూసో తమ్మీ" అని గణేష్ సైలెన్సరును చేత్తో పక్కకు నెట్టాడు. మొహం ఎర్రబడింది. "పెద్దమ్మా, నలుగురిల నన్ను దొంగను చెయ్యకు. మూడు పూతలకు నలభై రెండు వేలు చెప్పిన. రాగి ఎక్కియ్యాలె, అరగదియ్యాలె, గుంతలు నిండేదాక మళ్ళ రాగి ఎక్కియ్యాలె, అటెన్క నికెల్, ఆఖరుకు క్రోమ్. పన్నెండు రోజుల పని. గంత పెట్టలేనంటే ఒక్క సన్న పూతకు పద్దెనిమిది అన్న. వాన తగలనియ్యకు, ఫోటోలకు పనికొస్తది అని చెప్పే ఇచ్చిన."

"ఎవరికి చెప్పినవ్?"

"మీ కొడుకుకే. మీరు నిలబడ్డ జాగలనే."

హేమ్లి చెయ్యి బల్ల అంచు మీద ఉండిపోయింది. ఇందాక గణేష్ ఫోన్ చేసింది కోటేష్‌కే, అతని బండి బయట ఆగింది. లోపలికి వచ్చి, బల్ల మీది కొమ్మునూ తల్లి మొహాన్నీ చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వాన తగలొద్దని నీకు చెప్పిండా?"

కోటేష్ హెల్మెట్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఊరేగింపు ఒక్కరోజే గద యాడీ. ఆ ఒక్కరోజు మెరిస్తే చాలనుకున్న. ఎన్క ఎప్పుడన్న మంచిగ చేపిద్దామనుకున్న."

"మరి మీ నాయనకు పదేండ్లని ఎందుకు చెప్పినవ్?"

"గట్ల చెప్పకపోతే పాత పూత గీకనిస్తుండెనా?"

"ఆ పూత మసకబారింది, చావలే. దాన్ని నువ్వు చంపించినవ్. చంపి, నా చేతికి నెత్తురు పూసినవ్." ఆమె గొంతు పెంచలేదు. "ఈ ఇరవై రోజులు ఇంటికొచ్చినప్పుడల్ల నన్ను చూసినవ్ గద. అన్నం తినేటప్పుడు, నీళ్ళకు పోయేటప్పుడు. ఒక్కనాడన్న నీకు నోరు రాలేదా?"

కోటేష్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "షాపాయన మోసం చేసిండని బాపుకు చెప్దాం యాడీ. నీ తప్పు లేదని తేలిపోతది. నా సంగతి ఎందుకు?"

గణేష్ వింటూనే ఉన్నాడు. హేమ్లి అతని వైపు తిరిగింది. "నువ్వు గూడ ముత్యానివేం కాదు. ఒక్క పూత వేసి, అది లేచేసరికి నా చుక్కలు దొరికినయ్ నీకు. కానీ చెయ్యని మోసం నీ మీద వెయ్య. ఇగ నుంచి ఒక్క పూతైతే ఒక్క పూత అని బిల్లు మీద రాసియ్యి. రాయితోని కొట్టినా అక్షరం రాని నా అసొంటోళ్ళకు నోటితోని చెప్పు."

గణేష్ కాసేపు తొట్టిలోకి చూశాడు. "మళ్ళ పెట్టిస్తనంటే సగం ధరకు చేస్త" అన్నాడు.

"నిన్ను అడగలే" అంది హేమ్లి. కొడుకు వైపు తిరిగి, "మీ నాయనకు నేను ఒక్క మాట చెప్ప. నీ నోటితోనే చెప్పు. నడు."

తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. లాలు వాకిట్లో కూర్చుని కుక్క చెవిలో పిడుదులు తీస్తున్నాడు. కోటేష్ తండ్రి ముందు గొంతుక్కూర్చుని మొత్తం చెప్పాడు. రెండు ధరలు, వాన మాట, పదేళ్ళ అబద్ధం. మధ్యలో రెండుసార్లు ఆగాడు. రెండుసార్లూ హేమ్లి గడపలోంచి "ఊఁ" అంది. మళ్ళీ చెప్పాడు.

లాలు అంతా విని ఒకటే అడిగాడు. "ఆ పాత పూత మళ్ళ రాదు గద?"

"రాదు బాపూ."

లాలు తల ఊపి లేవబోయాడు.

"కూసో" అంది హేమ్లి. ఇంటి ముందు నలుగురు పోగయ్యారు. ఆమె పట్టించుకోలేదు. "వాడు చిన్నోడు, భయపడి దాచిండు. నువ్వేంది? ఉలి ఎందుకు పెట్టించినవే అని ఒక్క మాట అడగలే. తిట్టలే. ఆ కుక్కతోని రోజూ మాట్లాడినవ్. నాతోని మాట్లాడలే. నేను పాడు చేసిన్ననే నమ్మినవ్. ఆ ముసలయ్య, పరాయి మనిషి, పనులిడిసి నాతోని ఖమ్మం వచ్చిండు."

లాలు తలగుడ్డ విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయనకు మాటలు ఎప్పుడూ ఆలస్యమే.

తెల్లవారేసరికి కారు మీద టార్పాలిన్ లేదు. లాలు కొమ్మును తిరిగి బిగించి, బంపరు మీద లేచిన పొరలన్నీ గరుకైన ఉప్పు కాగితంతో గీకి, తుప్పు పోయిన చోట నూనె గుడ్డ పెట్టి రుద్దుతున్నాడు. అక్షరాల దగ్గర గుడ్డను వేలి కొసకు చుట్టి, చుక్క చుక్కలోకీ పోనిచ్చాడు. పైన మెరుపు పోయి, ఇనుము నల్లగా తేలింది. చూడడానికి అందంగా ఏమీ లేదు.

"కవిత ఇంటికి పోయొద్దాం" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. కవిత వాళ్ళ కూతురు, తిరుమలాయపాలెంలో ఉంటుంది.

హేమ్లి చేతులు తుడుచుకుంది. "నేనొస్తనని ఎవరన్నరు?"

"రావా?"

"బిడ్డను చూడనీకి వస్త. నీకోసం కాదు."

లాలు ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. హేమ్లి ఆయన పక్క నుంచే వెళ్ళి, వెనక తలుపు తీసుకుని, వెనక సీటు మధ్యలో కిరాయికి ఎక్కినదానిలా కూర్చుంది.

"గిదేందే?" అన్నాడు లాలు.

"పోనియ్యి. పోయేటప్పుడు ఈడనే కూసుంట. వచ్చేటప్పటి సంగతి, తొవ్వల నువ్వు మాట్లాడేదాన్ని బట్టి చూస్త."

లాలు ముందు తలుపు మెల్లగా వేశాడు. కారు తండా దాటి తారు రోడ్డు ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అద్దంలో ఆమెను చూస్తూ గొంతు సవరించుకున్నాడు.