కుక్క బిళ్ల

నేను ఒక గాజు బిళ్లను, మెడలో వేసుకునేదాన్ని. నా మీద ఉన్నది సింహం. కుక్కలా కనిపిస్తే తప్పు మీ కళ్లది కాదు, నన్ను చేసినవాడిది. పదహారు వందల ఏళ్ల కిందట, రోమను ఏలుబడిలోని ఒక రేవు పట్నంలో, కొలిమి ముందు కబుర్లు చెబుతూ కూర్చుని, గాజు ముద్ద చల్లారుతుండగా ముద్ర కొట్టాడు. జూలు సరిగా పడలేదు. అయినా, సింహం మెడలో ఉంటే కీడు దరిచేరదని చెప్పి నన్ను ఒక నావికుడికి అంటగట్టాడు.

ఆ నావికుడు కృష్ణానది సముద్రంలో కలిసేచోట జ్వరమొచ్చి పోయాడు. నా మహిమ అంతటిది. తర్వాత మట్టిలో ఉన్నాను, అక్కడే నయం.

నన్ను బయటికి తీసింది నాంచారమ్మ, తవ్వకాల్లో మట్టి జల్లించే కూలిమనిషి. గడ్డ చిదిపి, నన్ను కొంగుతో తుడిచి, "కుక్క బొమ్మ బిళ్లండి" అంటూ గుమాస్తా చేతిలో పెట్టింది. ఆయన పుస్తకంలో 'కుక్క బిళ్ల' అనే రాసుకున్నాడు.

నెల తిరక్కుండా ఒక పండితుడు వచ్చాడు. నన్ను కడిగి, భూతద్దం పెట్టి చూసి, సింహమని తేల్చాడు. నన్ను పెట్టిన పెట్టె మీద 'సింహం' అని చీటీ అంటించారు. గుమాస్తా పుస్తకంలో మాత్రం కుక్కగానే ఉండిపోయాను. తర్వాత పెట్టెలను పుస్తకంతో సరిచూస్తే కుక్క కనబడలేదు. పుస్తకంలో లేని సింహం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కరికీ తోచలేదు, అందరూ చదువుకున్నవాళ్లే.

"ముందు పట్టుకున్నది ఆవిడే కదా" అన్నారు.

"నేను తియ్యలేదండి. తమరి చేతిలోనే పెట్టానుగదండీ" అంది నాంచారమ్మ.

గుమాస్తా నేలచూపులు చూశాడు. ఆమె కొంగుముడి విప్పించారు, అన్నం గిన్నె బోర్లించారు. వక్కపలుకులు తప్ప ఏమీ రాలలేదు. అయినా పనిలోంచి తీసేశారు. ఊళ్లో దొంగ అన్న పేరు మిగిలింది. నేను పక్క బల్ల మీదే ఉన్నాను. నోరులేని నా పుట్టుక మీద నాకు అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. మొన్న నాంచారమ్మ మనవరాలితో వచ్చింది. తల నెరిసింది. నా ముందు ఆగిపోయి అద్దం మీద చెయ్యి వేసింది.

"నాయనమ్మా, సింహమంట. కీడు రాకుండా కట్టుకునేవాళ్లంట" అని పిల్ల చీటీ చదివింది.

"కాదే, కుక్క. నేను తీశానని వాళ్లన్నది దీన్నేనే."

"సింహమే, మామ్మగారూ. అద్దం ముట్టుకోకండి" అన్నాడు కాపలావాడు.

నాంచారమ్మ చెయ్యి తీసేసింది. అద్దం మీద పడిన వేలిముద్రలను కొంగుతో శుభ్రంగా తుడిచింది, రేపు ఇక్కడ ఏది పోయినా తన మీదికి రాకుండా.