దుల్మా ఎత్తని చేయి

ఆ ఉదయం గని కంపెనీ లారీ ఒకటి దుల్మా గుడారం ముందు ఆగి, రెండు పిండి బస్తాలు, ఒక బియ్యం మూట దించి వెళ్ళింది. గోబీ ఎడారిలోని ఆ మండలంలో పశువులు మేపుకునే ప్రతి కుటుంబానికీ కొత్త ఏడాది తెచ్చే తెల్లనెల పండుగకు ముందు ఇలాగే పంచుతున్నారు. అందులో తప్పేముంది అని మీరూ అడగవచ్చు. నాలుగేళ్ళుగా దుల్మా కూడా అడగలేదు.

ఆమె మండల సభలో సభ్యురాలు. కొడుకు ఎర్దెనె గని బొగ్గును లారీలో సరిహద్దు దాకా చేరవేస్తాడు. ఆ ప్రాంతంలో మిగిలిన ఒకే ఒక్క ఊటబావిని గనికి అప్పగించాలన్న తీర్మానం మర్నాడు సభకు రానుంది.

మధ్యాహ్నం మండలాధికారి చులూన్ వచ్చాడు. అక్కడి ఆచారం ప్రకారం నస్యం బుడ్డి అందించి మర్యాద చేశాడు. ఉప్పు వేసిన పాలచాయ్ తాగుతూ మాట కదిపాడు.

"అక్కా, రేపు చెయ్యెత్తడం మర్చిపోరుగా?"

"మరి నా ఒంటెలు ఎక్కడ తాగాలి?"

"ట్యాంకరు పంపిస్తారక్కా."

"పోయినేడు వాగు దగ్గరవాళ్ళకీ ఇదే చెప్పావు. ఆ ట్యాంకరు ఇంకా దారిలోనే ఉందా?"

చులూన్ నవ్వాడు. "మీ నోటికి అడ్డే లేదు. ఎర్దెనె ఉద్యోగం గురించి కూడా కాస్త ఆలోచించండి మరి."

"నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మేం కాదూ?"

అతనికి విసుగొచ్చింది. "మండలం నడుస్తోంది మీ పన్నులతోనా అక్కా? బడి, ఆస్పత్రి, నా కారు, అన్నీ బొగ్గు డబ్బే. ఇక నేనెవరి మాట వినాలి?"

ఆ మాట దుల్మాను నిలవనీయలేదు. గుడారంలో కూర్చోలేక పొద్దుగుంకేదాకా మంద వెంట తిరిగింది. ఎర్దెనె వచ్చి బతిమాలాడు.

"అందరూ ఎత్తుతున్నారుగా అమ్మా! నువ్వూ ఎత్తెయ్."

"అందరూ ఎత్తుతున్నారు కాబట్టే భయమేస్తోందిరా."

మర్నాడు సభలో పద్నాలుగు చేతులు లేచాయి. దుల్మా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"భుజం నొప్పా అక్కా?" అన్నాడు చులూన్. సభ గొల్లుమంది. తీర్మానం నెగ్గింది. వారం తిరక్కుండా ఎర్దెనెను పనిలోంచి తీసేశారు. అతను తల్లితో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు మాత్రం ఖాళీ తొట్టి చుట్టూ అరుస్తున్న ఒంటెల్ని చూసి, డబ్బాలు తీసుకుని నీళ్ళు వెతకడానికి బయలుదేరాడు.

నెల గడిచింది. ట్యాంకరు రాలేదు. ఆ రోజు సభలో అందరికంటే గట్టిగా నవ్విన తోటి సభ్యుడు సొద్నోమ్, దుల్మా గుడారానికి వచ్చి, ఆమె ముఖం చూడలేక తల దించుకున్నాడు.

"నా గొర్రెలు సగం పోయాయక్కా. రాజధానికి అర్జీ రాయండి. మొదటి సంతకం నాది. వాళ్ళు వింటారంటారా?"

"తెలియదు తమ్ముడూ," అంది దుల్మా. "భూమిలోంచి వచ్చే డబ్బుతో బతికే ప్రభుత్వానికి మనతో పని ఉండదు. అందుకే మనం వదలకుండా నిలదీయాలి. నిలదీయడం మానేసిన రోజు, బొగ్గుతో పాటు మనల్నీ అమ్మేస్తారు."